@నాట్‌బ్లాంక్ పెట్టినా ఖాళీ పేర్లు డేటాబేస్‌లోకి పోతున్నాయి, ఎర్రర్ కూడా రావట్లేదు

రవి_బ్యాకెండ్
రెండు రోజులుగా దీని మీదే కూర్చున్నాను. స్ప్రింగ్ బూట్ (జావా ఫ్రేమ్‌వర్క్) 2.7 మీద నడిచే అప్లికేషన్‌ని 3.2కి మార్చాను. అందులో ఒక రిజిస్ట్రేషన్ ఫారం. దాని క్లాసులో పేరు మీద @నాట్‌బ్లాంక్, ఈమెయిల్ మీద @ఈమెయిల్, వయసు మీద @మిన్ 18 అనే అనొటేషన్లు (విలువ ఎలా ఉండాలో చెప్పే గుర్తులు) ఉన్నాయి. కంట్రోలర్‌లో @రిక్వెస్ట్‌బాడీ పక్కన, తనిఖీ చెయ్యమని చెప్పే @వ్యాలిడ్ కూడా ఉంది. కంపైల్ అవుతోంది, అప్లికేషన్ లేస్తోంది. ఖాళీ పేరు పంపితే 400 (తప్పు రిక్వెస్ట్) రావాలి కదా, 200 (అంతా సరే) వస్తోంది. టేబుల్‌లో ఖాళీ పేరుతో రో పడుతోంది. లాగ్‌లో ఒక్క వార్నింగ్ లేదు. 2.7లో ఇదే కోడ్ బాగానే పనిచేసింది. ఎక్కడ వెతకాలో చెప్పండి.

నల్‌వేటగాడు
వ్యాలిడేషన్ స్టార్టర్ (తనిఖీకి కావలసిన లైబ్రరీల కట్ట) పెట్టావా? బూట్ 2.3 నుంచి వెబ్ స్టార్టర్‌తో పాటు అది రాదు, విడిగా పామ్ ఫైల్‌లో (బిల్డ్ టూల్ మావెన్ చదివే ఫైల్) రాసుకోవాలి. పదిమందిలో తొమ్మిది మందికి ఇదే కథ.

రవి_బ్యాకెండ్
ఉంది అన్నా. 2.7లో ఉన్నప్పుడే పెట్టాను. వెర్షన్ రాయలేదు, పేరెంట్ పామ్ నుంచే వస్తోంది.

సుధ_కె
@వ్యాలిడ్ సరైన పారామీటర్ మీదే ఉందా? నేను ఒకసారి మెథడ్ మీద పెట్టి అరపూట పోగొట్టుకున్నాను. ఇంకోటి, దాని పక్కన బైండింగ్‌రిజల్ట్ పారామీటర్ ఉందేమో చూడు. అది ఉంటే స్ప్రింగ్ ఎక్సెప్షన్ విసరదు, తప్పులన్నీ అందులో వేసి నీకు అప్పజెబుతుంది. నువ్వు తెరిచి చూడకపోతే అంతా బాగున్నట్టే కోడ్ ముందుకు పోతుంది.

రవి_బ్యాకెండ్
బైండింగ్‌రిజల్ట్ లేదు అక్కా. పారామీటర్ మీదే ఉంది. ఇప్పుడే మళ్ళీ చూశాను.

పాతకాపు
ఆ ఫారం క్లాస్ పైనున్న ఇంపోర్ట్ లైన్లు ఇక్కడ పెట్టు. మిగతాదేమీ వద్దు.

రవి_బ్యాకెండ్
జావాఎక్స్ డాట్ వ్యాలిడేషన్ డాట్ కన్‌స్ట్రెయింట్స్ డాట్ నాట్‌బ్లాంక్. మిగతా రెండూ అలాగే. కంట్రోలర్‌లో @వ్యాలిడ్ కూడా జావాఎక్స్ నుంచే.

నల్‌వేటగాడు
అయ్యో. దొరికింది.

పాతకాపు
అదే. కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే దీనివల్ల ఒక టీమ్‌లో నెల రోజులు చెత్త డేటా పోగుపడటం నేను దగ్గరుండి చూశాను.

అనొటేషన్ తనంతట తాను ఏ పనీ చెయ్యదు. ఫీల్డ్ మీద అంటించిన చీటీ అది. దాన్ని చదివి పనిచేసేవాడు వేరే ఉంటాడు, నీ ప్రాజెక్ట్‌లో ఆ చదివేవాడు హైబర్నేట్ వ్యాలిడేటర్. జేఎస్ఆర్ 303 పేరుతో బీన్ వ్యాలిడేషన్ మొదటి ప్రమాణం 2009లో వచ్చింది. 1.1 వచ్చింది 2013లో, 2.0 వచ్చింది 2017లో. అప్పటిదాకా అన్నీ జావాఎక్స్ ప్యాకేజీలోనే. 2020లో 3.0 వచ్చినప్పుడు ప్యాకేజీ పేరు జకార్తా అయింది. పెద్దగా మారింది ఆ పేరు ఒక్కటే. కానీ జావాకి పేరు మారితే మనిషే మారినట్టు.

బూట్ 3తో వచ్చేది హైబర్నేట్ వ్యాలిడేటర్ 8. అది జకార్తా అనొటేషన్లను మాత్రమే చదువుతుంది. నీ క్లాస్ మీద ఉన్నవి జావాఎక్స్‌వి. దాని కంటికి ఆ క్లాస్ మీద ఏ నియమమూ లేదు. నియమం లేనప్పుడు తప్పెక్కడిది?

ఇంకో విచిత్రం ఉంది. కంట్రోలర్ పారామీటర్ మీద ఉన్న అనొటేషన్ చిన్నపేరు "వ్యాలిడ్" అన్న అక్షరాలతో మొదలైతే చాలు, స్ప్రింగ్ వ్యాలిడేటర్‌ని పిలుస్తుంది, ప్యాకేజీ ఏదని చూడదు. కాబట్టి నీ పాత @వ్యాలిడ్ వల్ల వ్యాలిడేటర్ నడుస్తూనే ఉంది. వచ్చి చూసి, ఏ నియమమూ కనబడక వెనక్కి పోతోంది. డీబగ్గర్ పెట్టినా "వ్యాలిడేషన్ జరుగుతోంది కదా" అనిపిస్తుంది. అందుకే రెండు రోజులు పట్టింది నీకు.

సుధ_కె
పాతకాపు గారూ, అసలు జావాఎక్స్ ఇంపోర్ట్ ఉంటే బూట్ 3లో కంపైలే కాకూడదు కదా? ఆ జార్ (లైబ్రరీ ఫైల్) స్టార్టర్‌లో లేదు.

పాతకాపు
స్టార్టర్‌లో లేదమ్మా. వేరే ఏదో లైబ్రరీ వెంట వచ్చి ఉంటుంది. రవీ, మావెన్‌లో డిపెండెన్సీ ట్రీ (ఏ లైబ్రరీ వెంట ఏది వచ్చిందో చూపేది) తీసి వ్యాలిడేషన్ ఏపీఐ అన్న పదం వెతుకు.

రవి_బ్యాకెండ్
వెతికాను. నిజమే. బయటి సర్వీస్‌ని పిలవడానికి వాడే పాత క్లయింట్ లైబ్రరీ ఒకటి ఉంది, దాని కింద వ్యాలిడేషన్ ఏపీఐ 2.0.1 కూర్చుని ఉంది. పామ్‌లో దాన్ని ఎక్స్‌క్లూడ్ చేశాను. 43 కంపైల్ ఎర్రర్లు వచ్చాయి. ఎర్రర్లు చూసి ఇంత సంతోషపడటం ఇదే మొదటిసారి. అన్ని ఇంపోర్టులూ జకార్తాకి మార్చాను. ఇప్పుడు ఖాళీ పేరుకి 400 వస్తోంది. పాతకాపు గారూ, చాలా థ్యాంక్స్.

రాత్రిబిల్డ్
ఎక్స్‌క్లూడ్ చేసినంత మాత్రాన అయిపోలేదు. రేపు ఇంకో లైబ్రరీ కలిపితే అదే జార్ మళ్ళీ దొడ్డిదారిన వస్తుంది. మావెన్ ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌లో నిషేధించిన డిపెండెన్సీల నియమం ఉంది, అందులో జావాఎక్స్ వ్యాలిడేషన్ గ్రూప్ పేరు రాసెయ్. ఎవరి వెంట వచ్చినా బిల్డ్ అక్కడే ఆగుతుంది. మా దగ్గర ఇది పెట్టాక ఒకసారి పట్టుకుంది కూడా.

నల్‌వేటగాడు
స్టార్టర్ అని తొందరపడి చెప్పాను, అది తప్పు. రాత్రిబిల్డ్ చెప్పింది మా ప్రాజెక్ట్‌లోనూ పెడుతున్నాను.

హిమ_సర్వ్‌లెట్
ఇక్కడే అడుగుతున్నాను, విడిగా దారం తెరవడం ఎందుకని. మాది స్ప్రింగ్ కాదు. టామ్‌క్యాట్ 10 సర్వర్ మీద మామూలు సర్వ్‌లెట్లు (రిక్వెస్ట్ అందుకునే జావా క్లాసులు), జేఎస్పీలు (పేజీ టెంప్లేట్లు). ప్రతి సర్వ్‌లెట్‌లోనూ ఇఫ్, ఎల్స్‌తో ఫీల్డులు తనిఖీ చేస్తున్నాం. అనొటేషన్లకి మారాలంటే ఏం కావాలి?

పాతకాపు
ముందు హైబర్నేట్ వ్యాలిడేటర్ జార్. గ్రూప్ ఐడీ జాగ్రత్త: 6వ వెర్షన్ నుంచి అది "ఓఆర్‌జీ డాట్ హైబర్నేట్ డాట్ వ్యాలిడేటర్". చివర వ్యాలిడేటర్ లేనిది పాత గ్రూప్ ఐడీ, అది పెట్టకు. టామ్‌క్యాట్ 10 అంటే జకార్తా, కాబట్టి వెర్షన్ 7 లేదా ఆపైది. ఏపీఐ జార్ దాని వెంటే వస్తుంది.

తర్వాత వ్యాలిడేటర్‌ఫ్యాక్టరీ. దీన్ని అప్లికేషన్ లేచేటప్పుడు ఒక్కసారే కట్టు, సర్వ్‌లెట్ కాంటెక్స్ట్ లిజనర్‌లో కట్టి కాంటెక్స్ట్‌లో దాచిపెట్టు. అప్లికేషన్ దిగేటప్పుడు మూసెయ్. ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్తది కట్టేవాళ్ళని చూశాను, అది ఖరీదైన పని. ఫ్యాక్టరీ నుంచి తీసిన వ్యాలిడేటర్ థ్రెడ్ సేఫ్, అందరూ ఒకటే వాడుకోవచ్చు.

సర్వ్‌లెట్‌లో ఫారం వస్తువు నింపి వ్యాలిడేట్ మెథడ్‌కి ఇస్తే కన్‌స్ట్రెయింట్ వయొలేషన్ల సెట్ వస్తుంది. ఖాళీ సెట్ అయితే అంతా సరే. లేదంటే ఒక్కోదాంట్లో ఏ ఫీల్డ్, ఏ సందేశం, పంపిన విలువ ఏంటి అన్నీ ఉంటాయి. వాటిని రిక్వెస్ట్ యాట్రిబ్యూట్‌లో వేసి జేఎస్పీకి పంపు.

హిమ_సర్వ్‌లెట్
పెట్టాను, టామ్‌క్యాట్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది. కానీ జేయూనిట్ టెస్టుల్లో నడిపితే హెచ్‌వీ000183 అని, ఎక్స్‌ప్రెషన్‌ఫ్యాక్టరీ మొదలుపెట్టలేకపోయానని పడిపోతోంది.

రాత్రిబిల్డ్
సందేశాల్లో ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్ వాడతారు, దాన్ని నడిపే జార్ టామ్‌క్యాట్‌లో ముందే ఉంటుంది. టెస్ట్‌లో టామ్‌క్యాట్ లేదు, కాబట్టి అదీ లేదు. గ్లాస్‌ఫిష్ వాళ్ళ ఎక్స్‌ప్రెస్లీ జార్‌ని టెస్ట్ స్కోప్‌లో పెట్టు. సందేశాల్లో ఎక్స్‌ప్రెషన్లు అక్కర్లేదనుకుంటే పారామీటర్ మెసేజ్ ఇంటర్‌పొలేటర్‌కి మారినా చాలు.

వార్_ఫైల్
హిమ గారూ, ఎప్పుడైనా వైల్డ్‌ఫ్లై, పయారా లాంటి పూర్తి సర్వర్ మీదకి పోతే ఈ జార్లు వార్‌లో (సర్వర్ మీద పెట్టే అప్లికేషన్ ఫైల్) పెట్టకండి. వాటిలో హైబర్నేట్ వ్యాలిడేటర్ ముందే ఉంటుంది. నేను రెండూ ఉంచి క్లాస్ క్యాస్ట్ ఎక్సెప్షన్లతో ఒక వారం కుస్తీ పట్టాను. స్కోప్‌ని ప్రొవైడెడ్‌గా (సర్వరే ఇస్తుందని) మార్చగానే పోయింది.

హిమ_సర్వ్‌లెట్
రాసిపెట్టుకున్నాను. ఎక్స్‌ప్రెస్లీతో టెస్టులు పచ్చగా వచ్చాయి.

రవి_బ్యాకెండ్
మళ్ళీ నేనే. పేరు, ఈమెయిల్ సరిగ్గా పట్టుకుంటోంది. కానీ ఫారంలో చిరునామాల జాబితా ఒకటి ఉంది, చిరునామా క్లాస్‌లో పిన్‌కోడ్ మీద @నాట్‌బ్లాంక్ ఉంది. పిన్‌కోడ్ ఖాళీగా పంపినా పోతోంది. ఇంకోటి, వయసు అసలు పంపకపోయినా @మిన్ 18 ఏమీ అనట్లేదు. అది నాకు అసలు అర్థం కాలేదు.

సుధ_కె
మొదటిదానికి: వ్యాలిడేటర్ తనంతట తాను లోపలి వస్తువుల్లోకి దిగదు. దిగమని చెప్పాలి. లిస్ట్ యాంగిల్ బ్రాకెట్లలో చిరునామా ముందు @వ్యాలిడ్ పెట్టు. అది 2.0 నుంచి ఉంది. అంతకుముందు ఫీల్డ్ మీదే పెట్టేవాళ్ళం, ఇప్పటికీ పనిచేస్తుంది.

రెండోదానికి: నల్‌ని (అసలు విలువే లేకపోవడాన్ని) చాలా అనొటేషన్లు సరే అంటాయి. @మిన్, @సైజ్, @ఈమెయిల్, @ప్యాటర్న్ అన్నీ అంతే. "విలువ ఉంటే ఇలా ఉండాలి" అన్నది వాటి పని, "విలువ ఉండాలి" అన్నది @నాట్‌నల్ పని. రెండూ పెట్టాలి.

ఇందు_టెస్టర్
సుధ చెప్పిన రెండోది మా దగ్గర వేరేలా కొరికింది. వయసుని చిన్న ఇంట్‌గా పెట్టి దాని మీద @నాట్‌నల్ పెట్టారు. ఇంట్ ఎప్పుడూ నల్ కాదు కదా, పంపకపోతే సున్నా అవుతుంది, @నాట్‌నల్ ఉత్తుత్తిదే. పెద్ద ఇంటీజర్ చేశాక దారికొచ్చింది. ఆ ఊపులో ఒకబ్బాయి ఇంటీజర్ మీద @నాట్‌బ్లాంక్ కూడా పెట్టాడు, రన్ చేస్తే హెచ్‌వీ000030, ఈ టైప్‌కి వ్యాలిడేటర్ లేదని. @నాట్‌బ్లాంక్ అక్షరాలకి మాత్రమే.

కొత్తకోడ్
@నాట్‌నల్, @నాట్‌ఎంప్టీ, @నాట్‌బ్లాంక్ మూడూ ఎందుకు? నేను అన్నిచోట్లా @నాట్‌నల్ పెడుతున్నాను.

నల్‌వేటగాడు
పేరు పెట్టెలో మూడు స్పేస్‌లు కొట్టి సబ్మిట్ చెయ్యి. @నాట్‌నల్ దాటిపోతుంది, నల్ కాదు కాబట్టి. @నాట్‌ఎంప్టీ కూడా దాటిపోతుంది, పొడవు మూడు కాబట్టి. @నాట్‌బ్లాంక్ ఒక్కటే ఆపుతుంది. జాబితాలకి @నాట్‌ఎంప్టీ, పేర్లకి @నాట్‌బ్లాంక్, తేదీలు అంకెలకి @నాట్‌నల్.

రవి_బ్యాకెండ్
రెండూ పనిచేశాయి. ఇప్పుడు ఇంకో ఆలోచన. ఫారం క్లాస్, ఎంటిటీ క్లాస్ (టేబుల్‌లో సేవ్ అయ్యేది) ఫీల్డులు ఒకటే. ఫారం క్లాస్ తీసేసి అనొటేషన్లు నేరుగా ఎంటిటీ మీదే పెడితే కోడ్ సగమవుతుంది కదా?

వార్_ఫైల్
చిన్న అప్లికేషన్ అయితే అలాగే పెట్టుకో. ఒకటే చోట నియమాలు. నేను చాలా ప్రాజెక్టుల్లో అలాగే చేశాను, కొంపలేమీ మునగలేదు.

సుధ_కె
నేను ఒప్పుకోను. మాది చిన్న అప్లికేషనే. యూజర్ ఎంటిటీలో పాస్‌వర్డ్ మీద @సైజ్ గరిష్ఠం 20 పెట్టాం. ఫారం నుంచి వచ్చేటప్పుడు పాస్‌వర్డ్ 8 అక్షరాలు, కంట్రోలర్‌లో పాస్. తర్వాత బీక్రిప్ట్‌తో హ్యాష్ చేసి (అసలు పాస్‌వర్డ్ కనబడకుండా మార్చి) సేవ్ చేశాం. జేపీఏలో (ఎంటిటీల్ని టేబుల్‌లో సేవ్ చేసే భాగం) హైబర్నేట్, క్లాస్‌పాత్‌లో వ్యాలిడేటర్ కనబడితే, ఇన్సర్ట్‌కీ అప్‌డేట్‌కీ ముందు ఎంటిటీని తనంతట తానే మళ్ళీ వ్యాలిడేట్ చేస్తుంది. బీక్రిప్ట్ హ్యాష్ 60 అక్షరాలు. 20 దాటింది, ఎక్సెప్షన్. అదీ ట్రాన్సాక్షన్ కమిట్ దగ్గర వచ్చింది కాబట్టి ట్రాన్సాక్షన్ సిస్టమ్ ఎక్సెప్షన్ అనే చుట్ట లోపల దాక్కుని ఉంది. యూజర్‌కి కనబడింది 500 (సర్వర్ లోపం). ఆ రోజు ఒక్కరు కూడా రిజిస్టర్ కాలేకపోయారు. పాస్‌వర్డ్ పొడవు ఫారం నియమం, హ్యాష్ పొడవు టేబుల్ నియమం. ఒకే ఫీల్డ్ మీద రెండూ నిలవవు.

పాతకాపు
సుధ చెప్పిందే నా మాట కూడా. ఇంకో కారణం కూడా ఉంది: ఎంటిటీని నేరుగా రిక్వెస్ట్ నుంచి నింపితే, ఫారంలో లేని ఫీల్డులు కూడా బయటివాడు జేసన్‌లో (రిక్వెస్ట్‌లో డేటా పంపే రూపం) పంపి నింపెయ్యగలడు. రోల్ అన్న ఫీల్డ్ ఉందనుకో, అడ్మిన్ అని పంపితే? ఫారం క్లాస్‌లో ఆ ఫీల్డే లేకపోతే ఆ గొడవే లేదు.

వార్_ఫైల్
రోల్ మాట నిజమే, అది ఆలోచించలేదు. పాస్‌వర్డ్ సంగతికి జేపీఏ వ్యాలిడేషన్ మోడ్‌ని నన్ అని పెట్టి ఆపేయొచ్చు, కానీ దాంతో రోల్ గొడవ తీరదు. సరే, ఫారం క్లాస్ ఉంచుకో రవీ.

కొత్తకోడ్
నాకు కొత్తగా చేర్చేటప్పుడు ఐడీ ఉండకూడదు, మార్చేటప్పుడు ఉండాలి. అందుకే నియమాల్ని గ్రూపులుగా పెట్టాను. @వ్యాలిడేటెడ్‌లో చేర్పు గ్రూప్ ఇచ్చాక ఐడీ నియమం పనిచేస్తోంది, పేరు మీది @నాట్‌బ్లాంక్ మాత్రం పనిచెయ్యడం మానేసింది. మళ్ళీ జావాఎక్సా?

ఇందు_టెస్టర్
కాదు. గ్రూప్ రాయని నియమాలన్నీ డిఫాల్ట్ అనే గ్రూప్‌లో ఉంటాయి. నువ్వు చేర్పు అని ఒక్కటే చెప్పావు, డిఫాల్ట్‌ని ఎవరూ పిలవలేదు. @వ్యాలిడేటెడ్‌లో రెండూ రాయి, లేదా నీ చేర్పు ఇంటర్‌ఫేస్‌ని డిఫాల్ట్ ఇంటర్‌ఫేస్ నుంచి ఎక్స్‌టెండ్ చెయ్యి. నాకడిగితే ఇంత తిప్పలకన్నా రెండు ఫారం క్లాసులు మేలు.

కొత్తకోడ్
ఎక్స్‌టెండ్ చేశాను, సరిపోయింది. రెండు క్లాసుల సంగతి వచ్చే వారం.

రవి_బ్యాకెండ్
ఇప్పుడు 400 వస్తోంది కానీ బాడీలో ఏ ఫీల్డ్ తప్పో లేదు. ఫ్రంటెండ్ అమ్మాయి అడుగుతోంది. పాత 2.7లో మాకు ఒక అడ్వైస్ క్లాస్ (ఎక్సెప్షన్లు పట్టుకుని జవాబు రాసేది) ఉంది, అది కూడా కొన్నిటికే పనిచేస్తోంది.

రాత్రిబిల్డ్
బూట్ 2.3 నుంచే డిఫాల్ట్‌గా ఫీల్డ్ తప్పుల్ని బయటికి చూపించదు, లోపలి సంగతులు బయటపడకూడదని. సెట్టింగ్‌తో తెరవొచ్చు గానీ అడ్వైస్ క్లాస్‌లో నీకు కావలసిన రూపంలో రాసుకోవడమే మంచిది.

"కొన్నిటికే" అన్నావు కదా, అది 3.2 వల్ల. దాని కింద ఉన్న స్ప్రింగ్ 6.1లో కంట్రోలర్ పారామీటర్ల మీద నేరుగా @మిన్ లాంటివి పెడితే స్ప్రింగే చూసుకుంటుంది, తప్పైతే హ్యాండ్లర్ మెథడ్ వ్యాలిడేషన్ ఎక్సెప్షన్ వస్తుంది. రిక్వెస్ట్‌బాడీ ఒక్కటే ఉంటే పాత మెథడ్ ఆర్గ్యుమెంట్ నాట్ వ్యాలిడ్ ఎక్సెప్షన్. రెండూ పట్టుకోవాలి. క్లాస్ మీద @వ్యాలిడేటెడ్ మిగిలి ఉంటే తీసెయ్, అది ఉంటే పాత దారిలోనే పోయి కన్‌స్ట్రెయింట్ వయొలేషన్ ఎక్సెప్షన్ విసురుతుంది, పట్టుకోకపోతే 500.

ఇందు_టెస్టర్
మూడోది కూడా: వయసు దగ్గర "పద్దెనిమిది" అని అక్షరాలు పంపి చూడు. అది వ్యాలిడేషన్ దాకా రాదు, జేసన్ చదివేటప్పుడే పడిపోతుంది, వేరే ఎక్సెప్షన్. ఫ్రంటెండ్‌కి అన్నీ ఒకే రూపంలో వెళ్ళాలంటే దాన్నీ కలుపు.

హిమ_సర్వ్‌లెట్
పాస్‌వర్డ్, మళ్ళీ పాస్‌వర్డ్ రెండూ ఒకటేనా అని చూడటానికి ఏ అనొటేషన్? జాబితాలో దొరకలేదు.

పాతకాపు
రెడీమేడ్‌గా లేదు, మనమే రాసుకోవాలి. ఫీల్డ్ మీద కాదు, క్లాస్ మీద పెట్టే అనొటేషన్ రాయి. దాంట్లో మెసేజ్, గ్రూప్స్, పేలోడ్ మూడూ తప్పనిసరి, రిటెన్షన్ రన్‌టైమ్ ఉండాలి. వ్యాలిడేటర్ క్లాస్‌లో రెండూ పోల్చి, డిఫాల్ట్ తప్పుని ఆపేసి, "మళ్ళీ పాస్‌వర్డ్" ఫీల్డ్ పేరు మీద కొత్త తప్పు కట్టు. అలా చెయ్యకపోతే తప్పు ఫారం మొత్తానికి అంటుకుంటుంది, ఆ పెట్టె కింద కనబడదు.

ఒక హెచ్చరిక. ఆ తప్పు సందేశం కట్టేటప్పుడు యూజర్ పంపిన అక్షరాల్ని టెంప్లేట్‌లో కలపొద్దు. అందులో డాలర్ బ్రాకెట్‌తో ఎక్స్‌ప్రెషన్ పంపితే, పాత వెర్షన్లలో సర్వర్ దాన్ని నడిపేస్తుంది. కొత్త వెర్షన్లలో డిఫాల్ట్‌గా ఆపేశారు, అయినా ఆ అలవాటే వద్దు.

కొత్తకోడ్
సందేశాలు తెలుగులో పెట్టొచ్చా?

నల్‌వేటగాడు
పెట్టొచ్చు. వ్యాలిడేషన్‌మెసేజెస్ ప్రాపర్టీస్ ఫైల్‌ని రిసోర్సెస్‌లో పెట్టు, పేరు చివర తెలుగు లోకేల్ కోడ్ చేర్చు. జావా 9 నుంచి ఆ ఫైల్ యూటీఎఫ్-8గానే చదువుతుంది. జావా 8లో అయితే అక్షరాలన్నీ పిచ్చి గుర్తులవుతాయి, యూనికోడ్ ఎస్కేప్‌లుగా మార్చుకోవాలి.

సుధ_కె
రవీ, అన్నీ బాగున్నాయి గానీ ఆ రెండు రోజుల్లో టేబుల్‌లో పడినవాటి సంగతేంటి? కాలమ్ మీద నాట్ నల్ ఉన్నా ఖాళీ అక్షరాలు ఆగవు.

రవి_బ్యాకెండ్
అక్కడికే వస్తున్నాను అక్కా. ఇంకా టెస్ట్ సర్వర్ దాటలేదు, అదృష్టం. అక్కడ పేరు ఖాళీగా ఉన్నవి 17 రోలు దొరికాయి, ఎక్కువ నేను పంపినవే, తీసేశాను. కాలమ్‌కి ట్రిమ్ చేసిన పొడవు సున్నా కాకూడదని చెక్ కన్‌స్ట్రెయింట్ కలిపాను.

ఒక టెస్ట్ కూడా రాశాను. మూడు స్పేస్‌ల పేరుతో రిక్వెస్ట్ పంపుతుంది, 400 రావాలి, జవాబులో "పేరు" ఫీల్డ్ తప్పు ఉండాలి, రిపాజిటరీ కౌంట్ సున్నా ఉండాలి. దాన్ని ముందు పాత కమిట్ మీద, జావాఎక్స్ ఇంపోర్టులు ఉన్నప్పటి కోడ్ మీద నడిపాను. 200 వచ్చి ఎర్రగా పడింది. తర్వాత ఇప్పటి కోడ్ మీద పచ్చగా వచ్చింది. ఎన్‌ఫోర్సర్ నియమం కూడా పెట్టాను.

పాతకాపు
పాత కోడ్ మీద పడిందని చూసుకున్నావు చూడు, అది బాగుంది. చిరునామా పిన్‌కోడ్‌కీ అలాంటిదే ఇంకోటి రాయి.

రవి_బ్యాకెండ్
రాస్తున్నాను.